కోరిన పేజీలు

ఉద్యోగంలో చేరిన వారం నుంచి నేను డైరీ రాస్తున్నాను. టైఫాయిడ్ వచ్చి పడుకున్న పదకొండు రోజులు కూడా, లేచి కూర్చోగలిగాక గుర్తు తెచ్చుకుని నింపాను. నలభై మూడు డైరీలు బీరువా అడుగు అరలో వరసగా ఉన్నాయి.

ఓడరేవులో నాది ట్యాలీ క్లర్కు పని. క్రేను దింపే బస్తాలనీ పెట్టెలనీ జెట్టీ మీద నిలబడి లెక్కపెట్టి పుస్తకంలో గీతలు గీయాలి. నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డం. ఆ పుస్తకంలో రబ్బరు వాడకూడదు. తప్పు పడితే, కింద మాట కనిపించేలా ఒకే గీత కొట్టి, పక్కన పొడి సంతకం చేసి, సరైనది పైన రాయాలి. ఏళ్ళ తరబడి ఆ పని చేసినవాడి డైరీ కూడా అలాగే ఉంటుంది. రోజుకు అయిదు శీర్షికలు పెట్టుకున్నాను: వాతావరణం, డ్యూటీ, ఉత్తరాలు, వచ్చినవారు, ఇల్లు. శీర్షికకు ఒక వాక్యం. ఇల్లు అనే శీర్షిక ఎప్పుడూ చివర వచ్చేది.

మా తమ్ముడి కూతురు, మా అమ్మాయి అనే అంటాను, భవానీపూర్‌లో ఒక ఆఫీసులో కంప్యూటర్ల పని చేస్తుంది. రెండేళ్ళ క్రితం ఒక ఆదివారం ఏక్‌బాల్‌పూర్‌లోని మా ఇంటికి వచ్చి, ఒక పాత ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టింది. మా వీధిలో ఒకప్పుడు, బెంగాలీవాళ్ళ మధ్య, ముప్పై ఇళ్ళ తెలుగువాళ్ళం ఉండేవాళ్ళం. అందరం శ్రీకాకుళం వైపు నుంచి రేవు పనికి వచ్చినవాళ్ళమే. ఇప్పుడు ఏడిళ్ళు మిగిలాయి. తక్కినవాళ్ళు బెహాలాకో, ఖరగ్‌పూర్‌కో, విశాఖకో వెళ్ళిపోయారు. వాళ్ళందరూ ఎక్కడున్నా సరే కూర్చుని వీధి సంగతులు రాసుకునేందుకు మా అమ్మాయి, ఆమె స్నేహితులు కలిసి ఒక వికీ పెట్టారు. ఎవరైనా పేజీ మొదలుపెట్టవచ్చు, ఎవరైనా దాన్ని దిద్దవచ్చు. ఆ సాఫ్ట్‌వేర్‌ని తయారుచేసినవాళ్ళు, ఎవరైనా విప్పి చూసుకోండి, వాడుకోండి అని ఊరికే వదిలేశారట.

“అందులో అన్నీ ముందే ఉన్నాయి పెదనాన్నా, మనం ఏటీ కట్టక్కర్లేదు. మెనూలు మాత్రం తెలుగులోకి మార్చాలి. మాకు మాటాడ్డమే వొచ్చు, రాయడం రాదు. మీరు మాట సెప్పండి, నేను ఎక్కిస్తాను.”

అలా నాలుగైదు ఆదివారాలు కూర్చున్నాం. ఆమె ఒక్కొక్క ఏర్పాటు ఏం చేస్తుందో చెప్పేది, నేను దానికి తెలుగు మాట చూసేవాడిని. మొదట నన్ను ఆకట్టుకున్నది పాత ప్రతుల ఏర్పాటు.

“అంటే చెరిపినా పోదా?” అన్నాను.

“పోదు. ఎవరు, ఎప్పుడు, ఏ మాట మార్చేరో అన్నీ ఉంటాయి. రెండు ప్రతులు పక్కపక్కన పెట్టి సూసుకోవచ్చు. కావాలంటే పాతదానికే తిరిగి ఎల్లిపోవచ్చు.”

ఒకే గీత, పక్కన పొడి సంతకం. ఎక్కడో ఎవరో నాలాంటి గుమాస్తా ఆలోచించి పెట్టినట్టు అనిపించింది.

ఏ పేజీ నుంచీ దారి లేకుండా ఒంటరిగా పడి ఉన్న పేజీలను అది ఒక పట్టీగా చూపిస్తుంది. దానికి నేను ‘అనాథ పేజీలు’ అన్నాను.

“ఆరే బాబా, మరీ అంత ఏడుపు మాటేటి పెదనాన్నా?”

“మరో మాట లేదు. రాసుకో.”

ఇంకొక ఏర్పాటు దీనికి సరిగ్గా తలకిందులు. ఒకరు ఏదో రాస్తూ ఒక పేరుకి లింకు ఇస్తారు. ఆ పేరుతో పేజీ ఇంకా ఎవరూ రాయలేదు. అప్పుడు ఆ పేరు ఎర్రగా కనిపిస్తుంది. అలాంటివన్నీ, ఎక్కువ మంది అడిగినది పైన ఉండేలా, దానంతటదే పట్టీ కడుతుంది. దానికి ‘కోరిన పేజీలు’ అని పేరు పెట్టాను.

మెనూలు అయిపోయాక, పెళ్ళయిన ఏటి నుంచి నా డైరీలు ఎక్కించడం మొదలుపెట్టాను. రోజుకొక పేజీ, పేజీకి ఆ రోజు తేదీయే పేరు. పొద్దున్న పదింటికి కూర్చుంటే భోజనం వేళకు మూడు పేజీలు పూర్తయ్యేవి. ఆరు నెలలు తిరిగేసరికి నాలుగు వందల పైచిలుకు అయ్యాయి. ఒకనాడు అనాథ పేజీల పట్టీ తెరిచి చూస్తే, పై నుంచి కింద దాకా నా తేదీలే.

మా రెండిళ్ళ అవతల ఒక రిటైరైన క్రేను డ్రైవరు ఉన్నాడు. నా భార్యను అక్కా అనేవాడు, ఆ వరసన నేను బావనయ్యాను. అతను చెబుతూ ఉంటే మనవరాలు టైపు చేసేది. క్యాంటీనులో చేపల పులుసు, ఫుట్‌బాల్ గొడవలు, క్రేను మీద నిద్రపోయిన రోజు. వీధి వీధంతా అవే చదివేవాళ్ళు.

“నీ పేజీలేటి బావా, పంచాంగంనాగున్నాయి,” అన్నాడు ఒకరోజు, మా అరుగు మీద కూర్చుని. “వోన పడింది, ఓడొచ్చింది, ఉత్తరం రాలేదు. ఎవుడు సదువుతాడు? ఒక్క పేజీలో ఒక్క మనిసి లేడు.”

“అవి నిజం. ఉన్నది ఉన్నట్టు రాసినవి,” అన్నాను.

“నిజమే. ఎముకల్నాగ.”

ఆ సాయంత్రమే కోరిన పేజీల పట్టీ చూశాను. అన్నిటికంటే పైన ‘పెద్దమ్మ’ అని ఉంది. మా వీధికి సంబంధించి ఎవరు ఏం రాసినా, కుళాయి గురించైనా, కాలరా టీకాల గురించైనా, వానలో మునిగిన స్కూలు గురించైనా, మధ్యలో ఎక్కడో పెద్దమ్మ అని రాసి దానికి లింకు ఇచ్చారు. నలభై ఆరు పేజీల నుంచి దారులు అక్కడికే పోతున్నాయి. వెళ్ళి చూస్తే అక్కడ పేజీ లేదు.

పెద్దమ్మ నా భార్య. చిన్నా పెద్దా దాదాపు అందరూ ఆమెను అలాగే పిలిచేవాళ్ళు, బెంగాలీవాళ్ళు బౌది, అంటే వదిన, అనేవాళ్ళు. ఆమె పోయి నాలుగేళ్ళు అయింది.

“ఆ పేజీ మీరే రాయాలి పెదనాన్నా,” అంది మా అమ్మాయి ఫోనులో. “మాకు తెలిసింది కొంచెమే కదా. మీ దగ్గరైతే డైరీలున్నాయి.”

నా దగ్గర డైరీలున్నాయి. సరే అన్నాను.

మర్నాడు పదింటికి కూర్చుని, వెతికే పెట్టెలో ఆమె పేరు కొట్టాను. నా నాలుగు వందల పేజీల్లో ఎక్కడా లేదు. పెళ్ళాం అనో, ఇంటావిడ అనో రాశానేమోనని అవీ కొట్టాను. లేవు. చివరికి ‘మామూలే’ అని కొట్టాను. నాలుగు వందల పైచిలుకు పేజీలు, ఒకటీ అరా తప్ప అన్నీ వచ్చాయి. ప్రతి పేజీలోనూ చివరి వాక్యమే. ఇల్లు: మామూలే.

బీరువా తెరిచి, టైపు చెయ్యని డైరీలు కూడా అక్కడక్కడ తిప్పాను. చూడక్కర్లేదు, నాకు తెలుసు.

ఆమె గార్డెన్ రీచ్‌లో పుట్టింది. వాళ్ళ నాన్న అక్కడ రేవులో ఖలాసీ. అయిదో తరగతి దాకా బాంగ్లా బడిలో చదివింది. ఇంట్లో మాట మాత్రం అచ్చం శ్రీకాకుళం మాట. బాంగ్లా పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివేది, తెలుగు అక్షరం ఒక్కటి కూడా రాదు. నేర్పుతాలే అన్నాను పెళ్ళయిన కొత్తలో. నేర్పలేదు.

డ్యూటీ నుంచి వచ్చి టీ తాగుతూ నేను డైరీ రాసేవాడిని. ఆమె బల్లకు అటువైపు కూర్చుని కూరలు తరిగేది. పెళ్ళయిన రెండో ఏడో మూడో ఏడో, ఒక సాయంత్రం కత్తి పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, డైరీని తనవైపు తిప్పుకుంది.

“ఏటి రాత్తారు రోజూ ఇంత పొందిగ్గా?”

“జరిగినవి.”

“నా గురించేటైనా రాత్తారా?”

నేను టీ తాగుతున్నాను. ఆమె పేజీలు వెనక్కి తిప్పింది. ఆ లిపి చదవడం రానివాళ్ళు అక్షరాన్ని చూసే తీరు వేరు. మనం చూడనివి వాళ్ళకు కనిపిస్తాయి.

“ఈ ఆకరి మాట రోజూ ఒకనాగే ఉంటాది,” అంది, వేలు పెట్టి. “తక్కినయన్నీ మారతన్నాయి, ఇది మారదు. ఇది నా పేరేటి?”

“ఊఁ,” అన్నాను.

“రోజూ రాత్తారేటి?”

“రోజూ.”

ఆమె డైరీని మళ్ళీ నావైపు తిప్పి, నా పెన్ను సరిగ్గా దాని మీద పెట్టి, కత్తి చేతిలోకి తీసుకుంది. ఆ రోజు కూడా నేను అదే మాట రాశాను.

తర్వాత చెబుదాంలే అనుకున్నాను. రెండు నెలల తర్వాత ఒకరోజు ఆమె చెయ్యి కాలితే, ఇల్లు కింద ‘చెయ్యి కాలింది’ అని రాశాను. మర్నాడు బల్ల తుడుస్తూ డైరీ తెరిచి చూసి, “నిన్న నా పేరు లేదేటి?” అంది. కట్టు కట్టిన చేత్తోనే పేజీ తిప్పి నాకు చూపించింది. నేను పెన్ను తీసి, ఆ వాక్యం పక్కనే ‘మామూలే’ అని చేర్చాను. ఆమె ముఖం చూశాక చెప్పే ధైర్యం పోయింది. ఆ తర్వాత ఏం జరిగినా, ఏం జరగకపోయినా, ఆ మాట తప్పలేదు. ఆమెను ఆసుపత్రిలో ఉంచిన పద్దెనిమిది రోజులూ ఇంటికి వచ్చి రాసిందీ అదే. పందొమ్మిదో రోజున ఆ శీర్షిక కింద ఏమీ రాయలేదు. ఆ రోజు నుంచి అది ఖాళీగానే ఉంది.

ఇవన్నీ మనసులో పెట్టుకుని పేజీ రాయడానికి కూర్చున్నాను. రోజూ పదింటికి పెద్దమ్మ పేజీని ఎడిట్‌లో తెరిచేవాడిని. తెల్లటి పెట్టె, అందులో కొట్టుకునే నిలువు గీత. ఒక వాక్యం టైపు చేసేవాడిని, తీసేసేవాడిని. ఆమె పులుసు ఎలా పెట్టేదో తెలుసు, రాస్తే పులుసు గురించి రాసినట్టు ఉండేది. ఒంటిగంటకు ల్యాప్‌టాప్ మూతైనా వెయ్యకుండా, రేపు ఇక్కడి నుంచే మొదలుపెడదామని వదిలి లేచేవాడిని. మూడు వారాలు అలా నడిచింది.

ఒకరోజు క్రేను డ్రైవరు అరుగెక్కకుండానే కేక వేశాడు.

“ఏటి బావా, అక్క పేజీకి తాళమేసి కూకున్నావట!”

“తాళమేమిటి?”

“మా మనవరాలు ఎప్పుడు తెరిసినా, ‘ఈ పేజీని పెద్దాయన రాస్తున్నారు, ఆగండి’ అని వొస్తందంట. పొద్దున్నా అదే, సాయంత్రమూ అదే. ఖరగ్‌పూర్లో వోళ్ళూ ఆగేరు, బెహాలాలో వోళ్ళూ ఆగేరు. మూడు వారాలు! ఇంత రాసేవు, పురాణమైపోయుంటాదనుకుంటన్నారు అందరూ.”

మా అమ్మాయికి ఫోను చేశాను. ఆమె నవ్వింది, తర్వాత నెమ్మదిగా చెప్పింది. ఇద్దరు ఒకేసారి ఒకే పేజీ దిద్ది, ఒకరి రాత ఒకరు పాడుచెయ్యకుండా ఉండేందుకు అది పెట్టిన ఏర్పాటట. ఎవరైనా పేజీ తెరిచి రాస్తూ ఉంటే మిగతావాళ్ళకు హెచ్చరిక చూపిస్తుంది. కొంతసేపటికి దానంతటదే పోవాలి గానీ, నేను పెట్టె తెరిచి వదిలేయడం వల్ల పోలేదు. కాదని తోసుకుని రాయవచ్చు కూడా. మీరు రాస్తున్నారని తెలిసి ఎవరూ తోసుకోలేదు పెదనాన్నా, అంది.

పెట్టెలో ఒక్క అక్షరం లేదని ఆమెకు చెప్పలేదు. పేజీ పైన నా భార్య పూర్తి పేరు మాత్రం టైపు చేసి, సేవ్ చేసి, బయటికి వచ్చాను.

సాయంత్రానికి ఆరుగురు రాశారు. వారానికల్లా పేజీ చాలా పొడుగైంది. ఎవరికో పురుడు పోసింది, ఎవరికో రేషను కార్డు ఫారం బాంగ్లాలో నింపిపెట్టింది. వానలో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి స్కూలు పిల్లల్ని ఒక్కొక్కరినీ రోడ్డు దాటించిందని ఒకరు రాశారు. అది చదివి నేను నా డైరీలో ఆ వానాకాలం వెతికాను. వాతావరణం: భారీ వర్షం. ఇల్లు: మామూలే. ఆ రోజు ఆమె తడి చీరతో నాకు టీ ఇచ్చి ఉంటుంది, నేను ఎందుకు తడిశావని అడిగి ఉండను.

పేజీ కింద వ్యాఖ్యలు రాసే చోటు ఉంది. ఫొటోలు కూడా పెట్టవచ్చు. మా వెనక ఇంట్లో పెరిగి, ఇప్పుడు ఖరగ్‌పూర్‌లో కాపురం ఉన్న అమ్మాయి ఒక ఫొటో పెట్టింది. మూత ఉన్న స్టీలు గిన్నె. మనవాళ్ళు పెళ్ళికి గిన్నె ఇస్తే ఇచ్చినవాళ్ళ పేరు దాని మీద కొట్టించి ఇస్తారు కదా, అలా చిన్న చిన్న చుక్కలతో అంచు కింద పేరు కొట్టి ఉంది. కింద ఆ అమ్మాయి తెలుగు మాటలనే బాంగ్లా అక్షరాలతో రాసింది. ఆ ఆదివారం మా ఇంటికి వచ్చిన మా అమ్మాయి చదివి వినిపించింది.

“పెద్దమ్మ నా పెళ్ళికి ఇచ్చిన గిన్నె. దీని మీద నా పేరుంది, నాను కొట్టించేను, జాగర్తగా వాడుకో అంది. నాకు తెలుగు సదవడం రాదు. కానీ పేజీ మీద ఉన్న పేరూ, గిన్నె మీద ఉన్న పేరూ ఒకనాగ లేవు. ఇది పెద్దమ్మ పేరేనా?”

పక్కనే ఉన్న క్రేను డ్రైవరు కళ్ళజోడు పెట్టుకుని తెర మీదికి వంగాడు.

“మా… మూ… లే. మామూలే అని కొట్టించిందేటి మా అక్క!” పగలబడి నవ్వాడు. “ఇచ్చినోరు ఎవరంటే, మామూలే! ఏటి బావా, కొట్టోడు తాగున్నాడేటి?”

అతను నా ముఖం చూసి, కళ్ళజోడు తీసేసి, “టీ ఏమైంది?” అని ఎవరినీ కాకుండా అడిగి, తనే వంటింట్లోకి వెళ్ళాడు.

ఫొటోను పెద్దది చేసి చూశాను. మొదటి మా దీర్ఘం పొడుగ్గా లాగడం నా అలవాటు. గిన్నె మీద అలాగే లాగి ఉంది. లే మీది ఏత్వం నేను తొందరలో పక్కకు వాల్చి రాస్తాను, ఇక్కడా వాలి ఉంది. అది నా చేతిరాత. డైరీ మీద పల్చటి కాగితం పెట్టి, ఎత్తి రాసుకుని, బజారులో గిన్నెల కొట్టుకు తీసుకుపోయి ఉంటుంది. ఆ కొట్టువాడికి తెలుగు రాదు. ఇచ్చింది ఇచ్చినట్టు చుక్కలు కొట్టాడు. అలాంటి గిన్నెలు ఇంకెన్ని ఇళ్ళకు వెళ్ళాయో. ఇంట్లో గిన్నెల మీద అన్నిటికీ నా పేరే ఉంది. తన పేరు కొట్టించినవి ఆమె బయటికే ఇచ్చింది.

మా అమ్మాయికి జరిగింది మొత్తం చెప్పాను. ఎవరికీ చెప్పని సంగతి అది.

“ఇప్పుడు ఆ పిల్లకి ఏటని రాయాలి పెదనాన్నా? తప్పు పడిందని రాయనా?”

“వద్దు.”

“మరి?”

“నువ్వొకసారి చెప్పావు. ఒకే మనిషికి రెండు పేర్లుంటే…”

“దారిమార్పు,” అంది. ఆ మాట నేనే పెట్టింది. ఒక పేరుతో ఉత్త పేజీ పెట్టి, ఆ పేరు వెతికినవాళ్ళను అసలు పేజీకి పంపే ఏర్పాటు. ముద్దుపేర్లకూ పాత వీధిపేర్లకూ వాడతారు.

నా చేత్తోనే చేశాను. ‘మామూలే’ అని కొత్త పేజీ తెరిచి, అందులో పెద్దమ్మ పేజీకి దారి పెట్టి సేవ్ చేశాను. వెతికే పెట్టెలో మామూలే అని కొట్టి చూశాం. ఆమె పేరే తెరుచుకుంది. అప్పుడు ఖరగ్‌పూర్ అమ్మాయికి జవాబు రాయించాను: “అవునమ్మా. నా డైరీలో ఆమె పేరు అదే.”

జవాబుతో సరిపెట్టలేదు. పేజీలో, అందరూ రాసినదాని కింద, డైరీ తిప్పుకున్న సాయంత్రం నా భార్య నన్ను ఏమడిగిందో, నేను ఏమన్నానో ఉన్నది ఉన్నట్టు రాశాను. శీర్షికకు ఒక వాక్యం అనే లెక్క ఇక్కడ తప్పాను.

ఇప్పుడు నా పొద్దున్న పని మారింది. ఎక్కించిన తేదీలను ఒక్కొక్కటీ మళ్ళీ తెరుస్తున్నాను. చివరి మాటకు అటూ ఇటూ రెండేసి బ్రాకెట్లు పెడితే అది లింకు అవుతుంది. ఏం మార్చారో చెప్పమని కింద ఒక గడి అడుగుతుంది. మాట మార్చలేదు అని రాస్తాను. అన్నీ ఒక్కసారే చేసే ఉపాయం ఉందని మా అమ్మాయి చెప్పింది, వద్దన్నాను. ఒక్కొక్క రోజు తెరిచినప్పుడు, ఆ రోజు నా భార్య ఏం చేసిందో గుర్తొస్తుందేమోనని చూస్తాను. పది పేజీల్లో ఒకదానికి గుర్తొస్తుంది. వస్తే రాస్తాను. రాకపోతే పేజీ మూస్తాను. పెద్దమ్మ పేజీకి లింకున్న పేజీల పట్టీ తెరిస్తే నలభై ఆరు పేర్ల కింద నా తేదీలు పెరుగుతూ ఉంటాయి.

ఇంకొక పని మిగిలింది. ఒకే పేజీని వేరే భాషలో కూడా రాసి రెండిటినీ కలిపే ఏర్పాటు అందులో ఉంది. పేజీ పైన భాషల పేర్లు వస్తాయి, కావలసినది నొక్కుకోవచ్చు. పెద్దమ్మ పేజీ పైన తెలుగు ఒక్కటే ఉండేది. బాంగ్లా నేను మాట్లాడగలను, రాయడం అంతంతమాత్రం. నేను చేసిపెడతాను పెదనాన్నా అంది మా అమ్మాయి. వద్దన్నాను. నా భార్య బడి పుస్తకం ఒకటి ట్రంకు పెట్టెలో దొరికింది. అందులో అక్షరాలు చూసుకుంటూ కొడుతున్నాను. బల్లకు ఇటువైపు వెలుతురు చాలక, అటువైపు, ఆమె కూర్చునే చోట కూర్చుంటున్నాను. వారానికి నాలుగు వాక్యాలు అవుతున్నాయి. ఎవరో వచ్చి నా తప్పులు దిద్ది పోతున్నారు. పాత ప్రతుల్లో తప్పులు తప్పులుగానే ఉన్నాయి, పక్కన నా పేరు ఉంది.

నిన్న ఆమె డైరీ తిప్పుకున్న సాయంత్రం దాకా వచ్చాను. ఆమె అడిగిన మాట బాంగ్లా అక్షరాలతో రాశాను. నేనన్న ‘ఊఁ’ ఇవాళ రాయాలి, దాని తర్వాత నిజం.